మంచు బ్లేడు, ఒండ్రు బ్లేడు: పాఠకుల ప్రశ్నలకు బండి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం బండి ముందు బ్లేడు కట్టడం గురించే. కొన్ని అమెరికా మంచు నుంచి, కొన్ని మన లంకల బురద నుంచి. అన్నీ ఒక్కచోట పెట్టి జవాబులు రాస్తున్నాను. ఒకరి ప్రశ్నకి రాసింది ఇంకొకరికీ పనికొస్తుంది కాబట్టి మొత్తం చదవండి.

ప్రశ్న: మేష్టారూ, మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి మిన్నెసోటాలో ఊరి చివర ఇల్లు కొన్నాడు. రోడ్డు నుంచి ఇంటిదాకా పొడుగాటి కంకర దారి. చలికాలమంతా పారతో మంచు ఎత్తలేక నడుం పట్టేస్తోందట. పాత ఏటీవీ (మోటారు సైకిల్లా హ్యాండిలుండే నాలుగు చక్రాల చిన్న బండి) ఒకటి కొన్నాడు, దానికి ముందు మంచు తోసే బ్లేడు కడతానంటున్నాడు. అక్కడ కిట్టు ధర విని నాకు కళ్లు తిరిగాయి. మా దగ్గర వెల్డింగు షాపులో ట్రాక్టరుకి డోజరు బ్లేడ్లు చేస్తారు, పావు వంతు డబ్బుతో అయిపోతుంది. కొలతలు వాట్సాప్‌లో పెట్టమన్నాను. చేయించి పంపిద్దామా? (ఒక తండ్రి, అమలాపురం)

జవాబు: పంపొద్దండి. మనవాళ్ల వెల్డింగు పనితనం మీద నాకేం అనుమానం లేదు, కానీ బ్లేడంటే మీరు వంచిన రేకు ఒక్కటే అనుకుంటున్నారు. రేకు అందులో తేలిక పని. డబ్బంతా దాని వెనకున్న సరంజామాకి పోతుంది. పైగా యాభై కిలోల దాకా ఉండే ఇనుముని సముద్రాలు దాటించే ఖర్చు లెక్కేసుకుంటే మీరు మిగిల్చిన ముప్పావలా కూడా మిగలదు.

మూడు భాగాలుంటాయి. బండి అడుగున చట్రానికి బిగించే మౌంటు ప్లేటు, అక్కణ్ణించి ముందుకి వచ్చే తోపుడు గొట్టాలు, వాటి చివర బ్లేడు. మౌంటు ప్లేటు మోడలు మోడలుకీ వేరు, అదే మోడల్లో తయారైన సంవత్సరం మారినా బోల్టు రంధ్రాలు మారొచ్చు. తోసేటప్పుడు వచ్చే ఎదురుదెబ్బంతా ఆ ప్లేటే చట్రానికి పంచాలి. టేపు పెట్టి ఫొటో తీసి పంపిన కొలతలో అర అంగుళం తేడా రావడం ఖాయం, ఆ అర అంగుళాన్ని సరిచెయ్యడానికి మిన్నెసోటాలో మీ వెల్డరు ఉండడు కదా.

ఇక స్ప్రింగులు. అసలు సంగతి ఇదే. మీరు పొలంలో స్ప్రింగు గొర్రు వాడే ఉంటారు, మోడు తగిలితే కర్రు వెనక్కి మడుచుకుని, దాటాక మళ్లీ దిగుతుంది. మంచు బ్లేడుకీ అలాంటి ఏర్పాటే ఉంటుంది, కాకపోతే పైభాగం ముందుకి వాలి, కింది అంచు వెనక్కి జారి అడ్డాన్ని దాటేస్తుంది. మంచు కింద ఏముందో కనపడదు. నేలకి కరుచుకుపోయిన రాయి కావచ్చు, కాలిబాట సిమెంటు అంచు కావచ్చు. స్ప్రింగు లేని మన డోజరు రేకు దానికి తగిలితే బండి ఉన్నచోటే ఆగిపోతుంది, నడిపేవాడు హ్యాండిల్ మీదికి తూలి పడతాడు. ట్రాక్టరు రెండు టన్నుల బరువు, ఆ దెబ్బ కాస్తుంది. ఏటీవీ మొత్తం కలిపి మూడు నాలుగు వందల కిలోలు, దాని చట్రమే వంకరపోతుంది. దీనికి తోడు అక్కడి చలి: మైనస్ 20, 30 డిగ్రీల్లో మామూలు ఇనుము పెళుసెక్కుతుంది, పగులు ముందుగా అతుకు దగ్గరే కనపడుతుంది.

కాబట్టి కిట్టు అక్కడే కొనమనండి. కొనేముందు వెడల్పు గురించి ఒక్క లెక్క చెప్పండి. చాలా ఏటీవీలు అటూ ఇటూగా 48 అంగుళాల వెడల్పు. 54 అంగుళాల బ్లేడు చాలని కొంటారు, తిన్నగా తోసేటప్పుడు చాలుతుంది కూడా. కానీ మంచుని పక్కకి దొర్లించాలంటే బ్లేడుని ఏటవాలుగా తిప్పాలి, 30 డిగ్రీలు తిప్పితే 54 అంగుళాల బ్లేడు శుభ్రం చేసే దారి 47 అంగుళాలకి పడిపోతుంది. అంటే ఒక పక్క చక్రం మంచునే తొక్కుతూ పోతుంది, తొక్కిన మంచు గట్టిపడి మంచుగడ్డ అవుతుంది, ఇక దాన్ని ఏ బ్లేడూ గీకలేదు. 60 అంగుళాలది కొంటే తిప్పినా 52 మిగులుతుంది. అంతకన్నా పెద్దది మాత్రం వద్దు, 72 అంగుళాలవి పక్కపక్కన ఇద్దరు కూర్చునే పెద్ద బళ్లకి, ఈ చిన్న ఇంజిను దాన్ని తడిమంచులో తొయ్యలేదు.

కంకర దారి అన్నారు కాబట్టి ఇంకోటి. బ్లేడు కింద రెండు వైపులా పాదాల్లాంటి ఇనప బిళ్లలు వస్తాయి, వాటి ఎత్తు మార్చుకోవచ్చు. సిమెంటు దారి ఉన్నవాళ్లు వాటిని తీసేసి అంచు నేలకి తగిలేలా తోస్తారు. కంకర మీద అలా చేస్తే మొదటి రోజే మంచుతోపాటు దారి కూడా పచ్చికలోకి పోతుంది. ముఖ్యంగా చలికాలం మొదట్లో, నేల ఇంకా గడ్డకట్టకముందు, అంచుని నేలకి అంగుళం పైన ఉంచి తోయమనండి. ఆ అడుగున మిగిలిన మంచు తొక్కుడికి గట్టిపడి కంకరని పట్టి ఉంచుతుంది, తర్వాత కిందికి దించుకోవచ్చు. కింది అంచు విడిగా బోల్టులతో వస్తుంది, అరిగితే మార్చుకునేందుకే అలా పెడతారు. అది అరిగాక కూడా అలాగే నడిపితే అసలు బ్లేడే అరుగుతుంది, అది మాత్రం మళ్లీ రాదు.

పట్టు విషయంలో మన దమ్ము చేసే బుద్ధే అక్కడా పనికొస్తుంది. ఫోర్ వీల్ వేసి, లో గేరులో, నడిచే వేగంతో. వెనక ర్యాక్ మీద ఇసుక బస్తా కట్టుకోవాలి, ఎందుకంటే బ్లేడు బరువంతా ముందుకి లాగితే వెనక చక్రాలు తేలిపోతాయి. టైర్లకి గొలుసులు వేస్తే ఇంకా మంచిది. వెనక ర్యాక్ మీద పిల్లల్ని మాత్రం ఎక్కించుకోవద్దనండి, ఒక్క సీటు బండి అంటే ఒక్క మనిషికే. ఇంకో మాట, ఇది అన్నిటికన్నా ముఖ్యం: చలికి భయపడి గరాజు తలుపు మూసి లోపల ఇంజిను వేడెక్కనివ్వడం అక్కడ జరుగుతుంటుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, మనిషి మత్తులోకి జారి అక్కడే పోతాడు. బండి బయటికి తోసి స్టార్టు చేయమనండి. ఈ ఒక్కటీ మీరు ఫోన్లో స్వయంగా చెప్పండి.

ప్రశ్న: నమస్తే అండి. మా పుట్టిల్లు భీమవరం, ఇప్పుడు మిషిగన్‌లో ఉంటున్నాం. మావారు పోయిన శీతాకాలం ఏటీవీకి బ్లేడు కట్టారు. పైకి కిందికి ఎత్తడానికి ముందున్న వించ్ (తాడు చుట్టి లాగే కరెంటు మోటారు) వాడతారు. ఇనప తాడు సీజను మధ్యలో పుటుక్కున తెగింది. బ్యాటరీ రెండుసార్లు దిగిపోయింది. జనవరి వచ్చేసరికి దారికి రెండు పక్కలా గోడలు లేచి కారు పట్టడం మానేసింది. ఎదురింటాయన ముఖం మాడ్చుకున్నాడు, మంచు ఆయన వైపుకి తోశామని. ఇవన్నీ బండి తప్పా, మా తప్పా? (ఒక గృహిణి, మిషిగన్)

జవాబు: బండి తప్పు ఒక్కటీ లేదమ్మా.

ముందు తాడు సంగతి. వించ్ చేసింది బురదలో దిగబడ్డ బండిని ఎప్పుడో ఒకసారి లాగడానికి. బ్లేడు ఎత్తడానికి వాడితే అదే ఒక్క అడుగు తాడు వందలసార్లు చుట్టుకుని విప్పుకుంటుంది. ఇనప తాడు ఒకేచోట నలిగి పోగులు పోగులుగా తెగుతుంది. సింథటిక్ తాడు వేయించండి, లేదా బ్లేడు ఎత్తడానికే అమ్మే పొట్టి పట్టీ దొరుకుతుంది, చవక, తెగినా అయిదు నిమిషాల్లో మార్చుకోవచ్చు. బ్లేడు పూర్తిగా పైకొచ్చాక కూడా మీట వదలకపోతే తాడో, కొక్కెమో, వించ్ మోటారో ఏదో ఒకటి పోతుంది. ఎక్కడ ఆపాలో తెలిసేలా గొట్టం మీద రంగు గీత పెట్టుకోమనండి.

బ్యాటరీకి చలే శత్రువు. మైనస్ 18 డిగ్రీల దగ్గర దాని బలం సగానికి దగ్గరగా పడిపోతుంది, ఆ మిగిలిన సగంతోనే ఇంజిను తిప్పాలి, వించ్ ఎత్తాలి, లైట్లు వెలగాలి. పైగా దారి తోసేటప్పుడు ఇంజిను తక్కువ వేగంలో ఉంటుంది, వించ్ తినేంత కరెంటు అది పుట్టించలేదు. రాత్రిళ్లు చిన్న చార్జరుకి తగిలించి ఉంచితే చాలు. ఎత్తేటప్పుడు కాస్త యాక్సిలరేటర్ ఇవ్వడం కూడా అలవాటు చేసుకోవాలి.

గోడల గురించి. ఈ తప్పు అందరూ చేస్తారు, కొత్తవాళ్లయితే తప్పకుండా చేస్తారు. నవంబరులో మొదటి మంచు పడ్డప్పుడు దారి అంచు దాకా తోసి హమ్మయ్య అనుకుంటారు. ఆ కుప్ప రెండు రోజుల్లో రాయిలా గడ్డకడుతుంది, దాన్ని మళ్లీ వెనక్కి నెట్టడం ఏటీవీ వల్ల కాదు. తర్వాత పడ్డదంతా దాని ముందే ఆగి, దారి ప్రతిసారీ ఓ అడుగు ఇరుకవుతుంది. అందుకని మొదటి రెండు మూడుసార్లు మంచు కొంచెమే ఉన్నా సరే, దారి అంచు దాటి అయిదారు అడుగులు అవతలికి తోసేయాలి. ముందే చోటు చేసి పెట్టుకోవడమన్నమాట. అలాగే మంచు పూర్తిగా ఆగేదాకా చూడొద్దు. అడుగు మంచు పడుతుందని వార్తల్లో చెబితే నాలుగంగుళాలకి ఒకసారి బయల్దేరాలి. కొత్తగా పడ్డ పొడిమంచు ఘనమీటరు వంద కిలోల లోపే ఉండొచ్చు, ఎండ తగిలి తడిసిందంటే మూడు వందలు దాటుతుంది. అదే బండి, అదే బ్లేడు, మూడు రెట్ల బరువు. కుప్పని దూరం నుంచి పరుగెత్తుకొచ్చి గుద్దే వీరులు కొందరుంటారు, మావారికి ఆ అలవాటుంటే మాన్పించండి అని మీరే నన్ను అడగాల్సింది. మౌంటు ప్లేటు బోల్టులు అక్కడే వదులవుతాయి, ప్రతి మంచుకీ ముందు ఒకసారి స్పానరు వేసి చూసుకోవాలి.

దారి అంచులు తెలియడానికి మంచు మొదలవకముందే రంగు కర్రలు పాతుకోండి, ఫిబ్రవరిలో పూలకుండీ ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. రేకుకి మైనం గానీ సిలికాన్ స్ప్రే గానీ రాస్తే మంచు అంటుకోకుండా జారుతుంది. రోడ్ల మీద ఉప్పు చల్లే ప్రాంతం కాబట్టి పని కాగానే అడుగుభాగం కడిగితే తుప్పు ఆలస్యమవుతుంది. రేడియేటరు ముందు మంచు పేరుకుందేమో కూడా చూడమనండి, గడ్డకట్టే చలిలో ఇంజిను వేడెక్కి ఆగిపోయిందంటే నవ్వొస్తుంది గానీ కారణం అదే.

ఎదురింటాయన విషయంలో ఆయనదే న్యాయం. మిషిగన్‌లో, మిన్నెసోటాలో మన ఇంటి మంచుని పబ్లిక్ రోడ్డు మీదికి గానీ, రోడ్డు దాటించి అవతలికి గానీ తోయడం చట్టప్రకారం తప్పు. రోడ్డు మీద వదిలిన గట్టు రాత్రికి గడ్డకట్టి ఎవరి కారో జారుతుంది. రోడ్డు దగ్గర మొదలుపెట్టి ఇంటివైపు తోసుకుంటూ రావడమో, పక్కకి తిప్పి తోయడమో చెయ్యాలి. ఈ లోపల ఆయనింటికి నాలుగు పూతరేకులు పంపండి, అక్కడ దొరికితే. ఆ కుప్పల్లో పిల్లలు గుహలు తవ్వుతుంటారు, బ్లేడు వెనక కూర్చున్నవాడికి వాళ్లు కనపడరు. బండి తిరుగుతున్నంతసేపూ పిల్లలు ఇంట్లో ఉండాల్సిందే.

ప్రశ్న: సార్, మాది రాజోలు వైపు లంక గ్రామం. 2022 జూలై వరదకి మా దారి నిండా అడుగు ఎత్తున ఒండ్రు మేట వేసింది. జేసీబీ మా వంతుకి వచ్చేసరికి వారం పట్టింది. నాకు ఫోర్ బై ఫోర్ జీపు ఉంది. యూట్యూబులో అమెరికావాళ్లు జీపులకి మంచు బ్లేడు కట్టి రయ్యిమని తోసేయడం చూశాను. అలాంటిది నేనూ కట్టించుకుంటే ఈసారి ఎవరి కోసం ఎదురుచూడక్కర్లేదు కదా? (ఒక కొబ్బరి రైతు, కోనసీమ)

జవాబు: మీ ఆలోచన మంచిదే, బ్లేడు మాత్రం తప్పు. ఒక లెక్క చూడండి. పది మీటర్ల దారి, మీటరున్నర వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అనుకుందాం. అది కొత్త మంచయితే మొత్తం రెండొందల పాతిక కిలోలు. అదే తడి ఒండ్రయితే ఘనమీటరుకి 1,700 కిలోల చొప్పున నాలుగు టన్నులకి కాస్త తక్కువ. మీకు పడింది దానికి రెట్టింపు మందం. పైగా మంచు రేకు మీద దొర్లి పక్కకి పోతుంది, ఒండ్రు అంటుకుని కూర్చుంటుంది. ఆ వీడియోల్లో రయ్యిమనేది మంచు తేలిక వల్ల, జీపు బలం వల్ల కాదు.

అక్కడ కూడా జీపుకి బ్లేడు కట్టేముందు చూసేది ముందు ఇరుసు ఎంత బరువు మోయగలదని. ఆ అంకె డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉంటుంది. జీపుల బ్లేడ్లు మౌంటుతో కలిపి వందల కిలోల్లో ఉంటాయి, అదంతా చక్రాలకి ముందు గాల్లో వేలాడే బరువు. మన బళ్లకి అలాంటి మౌంటు కంపెనీ ఇవ్వదు కాబట్టి మీరు బంపరు కోసి వెల్డింగు పెట్టించాలి, అక్కడితో ఎయిర్‌బ్యాగు సెన్సార్ల పని కూడా గందరగోళమవుతుంది. కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో బుల్‌బార్లు, క్రాష్‌గార్డులు తీయించమని రాష్ట్రాలకి రాసింది కూడా ఇందుకే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి అయిదు వేలు జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. ప్రమాదం జరిగితే బీమావాళ్లు ముందు వెతికేది ఇలాంటి వెల్డింగునే.

మరేం చెయ్యాలి? మీ ఊళ్లో ట్రాక్టర్లు ఉండే ఉంటాయి. ట్రాక్టరు వెనక లిఫ్టుకి మూడు పాయింట్ల దగ్గర తగిలించే బ్లేడు దొరుకుతుంది, పని కాగానే తీసి పక్కన పెట్టుకోవచ్చు. దాన్ని లాగుతూ పోవడమే కాబట్టి డ్రైవరు ముందు నేలని చూస్తూ నడుపుతాడు. ఊళ్లో నలుగురు రైతులు కలిసి ఒకటి కొనుక్కుంటే జేసీబీ వంతు గొడవ సగం తగ్గుతుంది, వరదలు లేని ఏడాది పుంత రోడ్లు చదును చేసుకోవడానికి పనికొస్తుంది.

దానికన్నా ముందు చెయ్యాల్సిన పని ఇంకోటి ఉంది. వరద నీరు తీస్తున్నప్పుడే, దారి మీద ఇంకా చీలమండ లోతు నీళ్లుండగానే, ఆయిల్ ఇంజిను పెట్టి పైపుతో కొడుతూ, పారలతో కలియబెడితే ఒండ్రు చాలావరకు నీటితోపాటే వెళ్లిపోతుంది. ఆ ఒకటి రెండు రోజులు తప్పితే ఇక ఆగండి. జావలా ఉన్నప్పుడు ట్రాక్టరు దింపినా దిగబడుతుంది. ముద్ద కట్టే పాకానికి వచ్చాక, బీటలు వారకముందు లాగితే పలకలు పలకలుగా వస్తుంది. పూర్తిగా ఎండనిచ్చారో, ఇక పలుగులే.

ఎక్కడికి తోస్తున్నారన్నది కూడా చూడండి. మంచు ఏప్రిల్ వచ్చేసరికి కరిగి మాయమైపోతుంది, రోడ్డు మీదికీ పొరుగువాళ్ల వైపుకీ తోయనంతవరకు మన చోటులో ఎక్కడ పోసినా ఫర్వాలేదు. ఒండ్రు ఎక్కడ పోస్తే అక్కడే ఉంటుంది. దారి పక్కనే ఉందని పంట బోదెలోకి నెట్టేస్తే సార్వాకి నీళ్లు రాక మీరే మళ్లీ తవ్వించుకోవాలి. కొబ్బరితోటలో పరచండి, దానికంటే మంచి ఎరువు మట్టి డబ్బిచ్చినా దొరకదు. చెట్టు మొదలు చుట్టూ మాత్రం గుట్టగా పొయ్యకండి.

ప్రశ్న: మా అల్లుడు సరిహద్దు రోడ్ల సంస్థలో, కాశ్మీరు నుంచి లడాఖ్ వెళ్లే దారిలోని జోజిలా కనుమ దగ్గర పని చేస్తాడు. అక్కడ మంచు ముప్ఫై అడుగులు ఉంటుందంటాడు. అంత మంచుని బ్లేడుతోనే తోస్తారా? (రావులపాలెం నుంచి ఒకరు)

జవాబు: తోయలేరండి. అంత ఎత్తులో తోస్తే పోవడానికి చోటేదీ, రెండు పక్కలా గోడలేగా. అక్కడ డోజర్లు పైన దారి పడగొడుతుంటే, స్నో కట్టర్లనే యంత్రాలు మంచుని మరల్లాంటి పళ్లతో కొరికి లోపలికి లాక్కుని, తిరిగే రెక్కలతో దూరంగా లోయలోకి విసిరేస్తాయి. 11,500 అడుగుల పైచిలుకు ఎత్తులో గాలి పలచన కాబట్టి ఇంజిన్లకీ మనుషులకీ ఆయాసమే. మంచుచరియలు పడే చోటు కూడా. మీ అల్లుడు ఫోను ఎత్తకపోతే సిగ్నలు లేదనుకోండి, టెన్షన్ పడకండి.

ప్రశ్న: దాళ్వా కోతలప్పుడు వాన ముంచుకొస్తే కళ్లంలో ఆరబోసిన ధాన్యం కుప్ప చెయ్యడానికి మనుషులు దొరకడం లేదు. మంచు బ్లేడులాంటిదే కింద రబ్బరు పెట్టి చిన్న ట్రాక్టరుకి కడితే? (ఒక కౌలు రైతు, తణుకు మండలం)

జవాబు: ఈ నెల ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఇదే. పని చేస్తుంది. ధాన్యం ఘనమీటరు అయిదారు వందల కిలోలు, అంటే బాగా తడిసిన మంచుకన్నా బరువే గానీ, గింజ దొర్లుతుంది, అంటుకోదు, చిన్న ట్రాక్టరు తేలిగ్గా తోస్తుంది. అమెరికాలో కూడా ఇటుక పరిచిన దారులున్నవాళ్లు రేకు అంచుకి రబ్బరు పట్టీ వేసుకుంటారు.

మూడు జాగ్రత్తలు. సిమెంటు కళ్లం అయితేనే చెయ్యండి, మట్టి కళ్లంలో రాళ్లూ మట్టీ కలిసి మిల్లువాళ్లు కోత పెడతారు. బ్లేడు ట్రాక్టరు వెడల్పుకన్నా రెండు వైపులా జానెడు ఎక్కువ ఉండాలి, చక్రం గింజ మీదికి ఎక్కితే పొట్టు లేచి నూక పడుతుంది. వెనక లిఫ్టుకి తగిలించి రివర్సులో తోస్తే చక్రాలు ధాన్యం తొక్కే ప్రశ్నే ఉండదు, ముందు బ్లేడు ఖర్చూ తప్పుతుంది. పాత కన్వేయరు బెల్టు ముక్క దొరికితే అర అడుగు వెడల్పున కోయించి, రేకు కింద రెండంగుళాలు వేలాడేలా బోల్టులు బిగించండి. ఇంజిను కింద ఆయిలు కారుతుంటే ముందు అది బాగుచేయించండి. తుపాను కబురు వచ్చాక కాదు, కోతకి ముందే ఓసారి ఊక కుప్ప మీద నడిపి చూసుకోండి. రబ్బరు ఎంత వంగుతోందో, రేకు ఎక్కడ నేలకి తగులుతోందో అప్పుడే తెలిసిపోతుంది.